బిట్‌ఎక్స్40 రేడియో కిట్: నాన్న సగం బిగించిన పెట్టె

ముందు ఇదేమిటో చెప్తాను. బిట్‌ఎక్స్40 అంటే హామ్ రేడియో కిట్. లైసెన్సు తీసుకుని, ఇంటి నుంచే రేడియోలో ఒకరితో ఒకరు సరదాకి మాట్లాడుకునే వాళ్లని హామ్‌లు అంటారు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే హామ్‌లు 40 మీటర్ల బ్యాండ్ అని పిలుచుకునే చోట, వినడానికీ మాట్లాడడానికీ పనికొస్తుంది. హైదరాబాదుకు చెందిన అశ్హర్ ఫర్హాన్ దీన్ని డిజైన్ చేశారు. 2016 చివర్లో అమ్మకానికి పెట్టారు. బయటి దేశాల వాళ్లకు ధర 60 డాలర్ల లోపే ఉండేది. అంత తక్కువకి మాట్లాడే రేడియో దొరకడం అప్పట్లో హామ్‌లందరికీ ఆశ్చర్యమే.

మా నాన్న దీన్ని 2017లో తెప్పించుకున్నారు. 2019 ఆగస్టులో ఆయన పోయేనాటికి సగం బిగించి ఉంది. మిగతా సగం నేను బిగించాను. నేను బ్యాంకులో పనిచేస్తాను. అంతకుముందు సోల్డరింగ్ ఐరన్ చేత్తో ముట్టుకున్నదాన్ని కాదు. అందుకని ఈ కిట్ గురించి ఇంజనీర్లు రాసే సమీక్ష వేరు, నేను రాసేది వేరు. ఎలక్ట్రానిక్స్ తెలియని మనిషి చేతిలో ఇది ఎలా ఉంటుందో చెప్పగలను. నాన్న చేతిలో ఎలా ఉండేదో కూడా కొంత చెప్పగలను, ఎందుకంటే ఆ పార్శిల్ విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను.

అప్పుడు దసరా సెలవులకి విజయవాడ వచ్చాం. నాన్న ముందు గదిలో పాత దుప్పటి పరిచి, దాని మీద తెల్ల కాగితం వేసి, పార్శిల్ విప్పారు. లోపల రెండు అరచేతులంత పచ్చ బోర్డు. దాని మీద విడిభాగాలన్నీ ముందే అతికించి ఉన్నాయి. పక్కన ఇంకో చిన్న బోర్డు, దానికి రెండు వరసల అక్షరాలు కనబడే తెర. దీన్ని రాడ్యువీనో అంటారు, ఫ్రీక్వెన్సీని నడిపేది ఇదే. మిగతావన్నీ చిన్న కవర్లలో: వాల్యూమ్ నాబ్‌కి పెట్టే పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టరు), కనెక్టర్లు, మైక్ గుండీ, తీగలు. పెట్టె రాదు, స్పీకరు రాదు, ఏరియల్ రాదు. అవి మనమే చూసుకోవాలి.

నాన్న భూతద్దం తెచ్చి ఇరవై నిమిషాలు బోర్డు చూశారు. నేను కాఫీ ఇచ్చినా తల ఎత్తలేదు. చివరికి నన్ను పిలిచి, బోర్డు మీద వడియాల్లా ఉన్న గుండ్రటి కాయిళ్లు చూపించి, "ఇవి చూడు పాపా, మిషను చుట్టింది కాదు, ఎవరో ఆడపిల్ల వేళ్లతో చుట్టింది. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఎంత సమానంగా ఉందో" అన్నారు. అది నిజమే. ఈ కిట్లలో కాయిళ్లు హైదరాబాదులో ఒక మహిళా బృందం చేత చుట్టించేవారు. నాన్న కాయిల్ చుట్టాలంటే పాత రీఫిల్ గొట్టానికి గుడ్డ చుట్టి, మా అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్క చెప్పించుకునేవారు. ముప్పై రెండో చుట్టు దగ్గర కుక్కర్ కూత వేస్తే మొత్తం విప్పి మళ్లీ మొదలు. అందుకే ఆయనకి ఆ చేతి పని విలువ తెలుసు.

ఫర్హాన్ గారి పేరు నాన్న నోట నేను చాలా ఏళ్లుగా వింటున్నదే. బంజారాహిల్స్‌లో లామకాన్ అని నాటకాలకీ సభలకీ ఉన్న చోటు చాలామందికి తెలుసు. దాన్ని నెలకొల్పిన వాళ్లలో ఆయన ఒకరు. అసలు బిట్‌ఎక్స్ డిజైన్ 2000ల మొదట్లోది. అప్పుడది 20 మీటర్ల బ్యాండ్‌కి, ఎవరికి వాళ్లు విడిభాగాలు కొనుక్కుని కట్టుకునేది. మన దేశంలో ఫెర్రైట్ రింగులు దొరకడం కష్టమని, కుళాయిలో వేసే వాషర్ మీద కాయిల్ చుట్టుకోవచ్చని ఆయన చూపించారు. నాన్నకి ఆ ఒక్క ముక్క ఎంత నచ్చిందంటే, ఇంటికి ఎవరొచ్చినా ఆ వాషర్ సంగతి చెప్పకుండా పంపేవారు కాదు. "మన బజార్లో దొరికేదాంతో పని జరగాలి. అది ఇంజనీరింగ్. కేటలాగు చూసి ఆర్డరు పెట్టడం గుమాస్తా పని" అనేవారు.

నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేశారు. నార్ల తాతారావు గారి పేరు పెట్టిన స్టేషను అదే. మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో మొదలైంది. నాన్న ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం. అంటే బాయిలర్‌లో ఒత్తిడి ఎంత, వేడి ఎంత, డ్రమ్ములో నీళ్ల మట్టం ఎంత అని కంట్రోల్ రూముకి చెప్పే పరికరాలన్నీ సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అన్నది ఆయన పని. డ్రమ్ములో నీళ్లు మరీ తగ్గితే ట్యూబులు కాలిపోతాయి. మరీ పెరిగితే ఆవిరితోపాటు నీళ్లు టర్బైన్‌లోకి పోయి బ్లేడ్లు దెబ్బతింటాయి. ఇది నాకు ఎనిమిదో తరగతిలో వంటింట్లో కుక్కర్ దగ్గర నిలబెట్టి చెప్పారు. "నీళ్లు తక్కువైతే పప్పు అడుగంటుతుంది, ఎక్కువైతే కూతలోంచి పొంగి స్టవ్ మీద పడుతుంది. మాది పెద్ద కుక్కరు, అంతే" అన్నారు. ఎ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ అని మా ఇంట్లో రోజులకి మరో పేరు ఉండేది. సి షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి, నాకు జడలు వేసి బడికి పంపి, అప్పుడు పడుకునేవారు. అమ్మకి వేళ్ల కీళ్ల నొప్పులు. రెండు జడలూ సమానంగా వచ్చిందాకా విప్పి వేస్తూనే ఉండేవారు.

రేడియో పిచ్చి పట్టింది మాత్రం దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అప్పటికి నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డులో చేరి ఏడాది. పడిపోయిన లైన్లు నిలబెట్టడానికి పంపిన వాళ్లలో ఆయన కూడా ఉన్నారు. అక్కడ చూసినవి ఆయన మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఒక్కటి మాత్రం చెప్పేవారు. ఫోన్ లేదు, రోడ్డు లేదు, కరెంటు లేదు, పక్క ఊళ్లో మనుషులు మిగిలారో లేదో ఈ ఊరికి తెలియదు. ఆ తర్వాత ఏడేళ్లకి హామ్ లైసెన్సు పరీక్ష రాశారు. అప్పట్లో గ్రేడ్ 2కి నిమిషానికి 5 మాటల వేగంతో మోర్స్ కోడ్ రావాలి. ఆయన స్టీలు పళ్లెం మీద చెంచాతో కొడుతుంటే అమ్మ చేతిలో గడియారం పట్టుకుని కూర్చునేదట. అమ్మకి ఇప్పటికీ ఆరేడు అక్షరాలు వచ్చు.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఆ నెలలో అండమాన్‌లో భారతి ప్రసాద్ గారి బృందం హామ్ స్టేషన్ పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత అక్కడ హామ్ రేడియోకి అనుమతి దొరికింది కాబట్టి ప్రపంచమంతా వాళ్ల కోసం చెవులు రిక్కించుకుని ఉంది. నాన్న కూడా. సునామీ వచ్చాక ఆ ముచ్చట కోసం పెట్టిన స్టేషనే పోర్ట్ బ్లెయిర్ నుంచి సమాచారం అందించే స్టేషను అయింది. నాన్న మాట్లాడలేదు, విన్నారు. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉంచడం కూడా సాయమే అని మాకు చెప్పారు. రెండు రోజులు ఆ కుర్చీ వదల్లేదు. అమ్మ అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది.

ఇలా చెప్తే ఎప్పుడూ రేడియో ముందే కూర్చునే మనిషి అనిపిస్తుందేమో, అలా కాదు. ఆయన చేసినవన్నీ చివరికి ఇంట్లో వాళ్ల కోసమే. అమ్మకి నలభై ఐదేళ్లు దాటాక వినికిడి తగ్గడం మొదలైంది. కుక్కర్ కూతలు లెక్క తప్పేది. నాన్న ఒక చిన్న పెట్టె చేశారు. మైక్ ఒకటి, ఫిల్టరు ఒకటి, 4026 అనే లెక్కపెట్టే ఐసీ ఒకటి, ఎర్రటి అంకె ఒకటి. కుక్కర్ కూసిన ప్రతిసారీ అంకె పెరుగుతుంది. కాలనీ దగ్గర లారీ హారన్ కొడితే కూడా పెరుగుతోందని, పదిహేను రోజులు వంటింట్లో కూర్చుని రకరకాల కుక్కర్ల కూతలు టేపు రికార్డర్లో పట్టి ఫిల్టరు మార్చారు. ఆ పెట్టె ఇప్పటికీ పనిచేస్తోంది. అమ్మ మూడు అంకె చూసి స్టవ్ ఆపుతుంది.

రిటైరయ్యాక విజయవాడలో ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద మధ్యలో వెదురు బొంగు నిలబెట్టి, దాని కొస నుంచి రెండు పక్కలకీ తీగ లాగారు. ఈ రకం ఏరియల్‌ని డైపోల్ అంటారు. 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ మొత్తం పొడవు అడుగుల్లో వస్తుంది. 7.1కి చేస్తే దాదాపు 66 అడుగులు, పక్కకి 33. మా డాబా అంత పొడవు లేదు. ఒక కొస పక్కింటి వాళ్ల కొబ్బరిచెట్టుకి కట్టడానికి వాళ్లని అడిగి, బదులుగా వాళ్ల మోటారు స్టార్టరు బాగుచేసి పెట్టారు. ఆ తీగ కిందే అమ్మ బట్టల దండెం. పార్టులు కావాలంటే పొద్దున్నే శాతవాహన ఎక్కి, కోఠీ గుజరాతీ గల్లీలో కొట్లన్నీ తిరిగి, మళ్లీ శాతవాహనలోనే రాత్రికి ఇంటికి వచ్చేవారు. జేబులో రెసిస్టర్లు, చేతిలో నాకు పుల్లారెడ్డి నేతి మిఠాయి.

ఇక కిట్ ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనంత చెప్తాను, ఎందుకంటే దీని అందమంతా అక్కడే ఉంది. మామూలుగా వినడానికి ఒక సర్క్యూటు, మాట్లాడడానికి ఒక సర్క్యూటు ఉండాలి. బిట్‌ఎక్స్‌లో చాలా భాగం రెండింటికీ ఒకటే. ఒకే దారిలో ఇటు నుంచి అటు సిగ్నల్ పోతే వినడం, అటు నుంచి ఇటు వస్తే మాట్లాడడం. మైక్ మీట నొక్కగానే దిశ మారుతుంది. అందుకే ఖర్చు తగ్గింది. నేను దీన్ని బిగించేనాటికి మా చిన్నోడికి పన్నెండేళ్లు. వాడికి నాన్న నోట్సు చూసి చెప్పాను: లోపల 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టరు ఉంది, రాడ్యువీనో దాదాపు 5 మెగాహెర్ట్జ్ తయారుచేస్తుంది, 12లోంచి 5 తీసేస్తే 7. వాడు కాసేపు చూసి, "తాతయ్య రేడియో తీసివేత లెక్క చేస్తుందా?" అన్నాడు. అవును, అంతే. నాబ్ తిప్పినప్పుడు మారేది ఆ 5. చివర్లో గాలిలోకి పంపే ట్రాన్సిస్టరు ఐఆర్ఎఫ్510. అది రేడియో కోసం పుట్టింది కూడా కాదు, స్విచ్చింగ్ పనులకి వాడే చవక మాస్‌ఫెట్. దాంతోనే సుమారు 7 వాట్లు వస్తుంది. మన ఇంట్లో ఎల్‌ఈడీ బల్బంత. ఆ బల్బు కరెంటుతో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు పలుకుతాయి.

నాన్న పోయాక చాలా నెలల దాకా ఆ పెట్టె ముట్టుకోలేదు. లాక్‌డౌన్‌లో అమ్మ దగ్గరే ఉండిపోయాం. ఒకరోజు బీరువా పైనుంచి దింపాను. పాడైపోయిన స్టెబిలైజర్ రేకు డబ్బాని ఆయన రేడియో పెట్టెగా మార్చారు. ముందు పలకకి కన్నాలు చేసి, అంచులన్నీ ఆకురాయితో రాసి, వేలు పెట్టినా గీసుకోకుండా నున్నగా చేశారు. బోర్డు బిగించి ఉంది. తెర బిగించి ఉంది. వాల్యూమ్ అయింది. ట్యూనింగ్ పాట్, మైక్, స్పీకరు, ఏరియల్, కరెంటు తీగలు మిగిలాయి. డబ్బా లోపల మడిచి పెట్టిన రెండొందల పేజీల నోట్‌బుక్కు ఉంది.

ఆ నోట్‌బుక్కు నాన్న చేతిరాత. తెలుగులో రాసి, పార్టుల పేర్లు ఇంగ్లీషులో. ప్రతి తీగకీ రంగు, ఎక్కడి నుంచి ఎక్కడికో. ఏ పనికి ముందు ఏది చూసుకోవాలో. ఇంత వివరంగా తనకోసం ఎందుకు రాసుకున్నారా అనుకున్నాను. ఆయన ఇలాంటివి కళ్లు మూసుకుని చేయగలరు.

కాగితం మీద గీసిన ముందు పలక బొమ్మ చూస్తుంటే ఇంకో సందేహం వచ్చింది. నెట్‌లో చూసిన బిట్‌ఎక్స్ పెట్టెలన్నిటిలో ట్యూనింగ్ నాబ్ కుడి పక్కన ఉంది. నాన్న ఎడమ పక్కన పెట్టారు. మైక్ కుడివైపు. ఆయన కుడిచేతి మనిషి. పొరపాటున కన్నం అటు చేశారేమో అనుకుని పేజీ తిప్పాను. బొమ్మ వెనక పెన్సిల్‌తో ఒక లైను: "ట్యూనింగ్ ఎడమ వైపు. పాప ఎడమచేతి వాటం."

నేను ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను.

మర్నాడు నుంచి మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి నిజంగా కొనుక్కుని బిగించాలనుకునే వాళ్లకి పనికొచ్చేవి.

ఒకటి, కరెంటు. ఈ బోర్డు మీద ప్లస్, మైనస్ తిరగేసి ఇస్తే కాపాడే ఏర్పాటు లేదు. నాన్న మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశారు: "డయోడ్, ఫ్యూజ్ పెట్టకుండా బ్యాటరీ తగిలించవద్దు." పది రూపాయల పని, తప్పకుండా చేయండి. బోర్డుకి ఒకటి, చివరి ట్రాన్సిస్టరుకి ఒకటి, రెండు వేరువేరు కరెంటు దారులు ఉంటాయి. రెండోదానికి వోల్టేజీ పెంచితే పవర్ పెరుగుతుంది. నేను 12 దగ్గరే ఉంచాను.

రెండు, ఐఆర్ఎఫ్510 హీట్‌సింక్, అంటే ఆ ట్రాన్సిస్టరు వేడి లాగేసే రేకు. దాని రేకులో వోల్టేజీ ఉంటుంది. మనం వాడే పెట్టె రేకుదైతే అది పొరపాటున కూడా పెట్టెకి తగలకూడదు. నాన్న దాని పక్కన పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క కత్తిరించి నిలబెట్టారు. మా అమ్మమ్మ తుంటి ఎముక విరిగినప్పటి ఎక్స్‌రే అది, వెలుతురులో పెడితే ఇప్పటికీ ఎముక కనబడుతుంది.

మూడు, టంకం. దీన్ని నేను వారం నేర్చుకున్నాను. ముందు పాత బోర్డు మీద, తర్వాత దీని మీద. టంకం సరిగ్గా పడితే తడి రాయిలా మెరుస్తుంది, చుట్టూ వాలుగా దిగుతుంది. బూడిదరంగులో ముద్దగా నిలబడితే డ్రై సోల్డర్, పైకి అతుక్కున్నట్టు ఉంటుంది, లోపల పట్టు ఉండదు. నా మొదటి మైక్ కనెక్షను అలాంటిదే. ముందు తీగనీ పిన్నునీ వేడి చేసి, ఆ వేడికి టంకం కరగాలి. ఐరన్ మీద టంకం కరిగించి తెచ్చి అంటించకూడదు. ఇది తెలిసేసరికి నా చూపుడు వేలి మీద రెండు బొబ్బలు.

నాలుగు, అడాప్టరు. లాక్‌డౌన్ సడలించాక ఒక కొట్టులో 12 వోల్టుల అడాప్టరు కొన్నాను. "రేడియోకి బ్రహ్మాండంగా పనిచేస్తుందమ్మా" అని ఇచ్చారు. పెట్టగానే స్పీకర్లో కందిరీగల తుట్టె కదిపినట్టు రొద. మూడు రోజులు నా తీగలన్నీ విప్పి కట్టాను. నాలుగో రోజు నాన్న నోట్సులో వెనక పేజీ దొరికింది: స్విచ్చింగ్ అడాప్టరు వద్దు, బ్యాటరీ వాడాలి. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ తెచ్చి పెట్టాను. రొద ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దూరంగా, ఎవరో తమిళంలో మాట్లాడుతున్నారు.

ట్యూనింగ్ గురించి చెప్పాలి. నాబ్ ఒక చిన్న మేర మాత్రమే తిరుగుతుంది. చివరిదాకా తిప్పి పట్టుకుంటే అంకెలు వాటంతటవే ముందుకో వెనక్కో నడుస్తాయి, కావలసిన చోటుకి రాగానే నాబ్ కొంచెం వెనక్కి తీయాలి. అలవాటు కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. వెంట్రుకవాసి తిప్పినా గొంతు మారుతుంది: కాస్త అటైతే బాతులా, కాస్త ఇటైతే బావిలోంచి మాట్లాడినట్టు. నాన్న ఇది ముందే ఊహించి పది చుట్లు తిరిగే పాట్ కొని కవర్లో పెట్టారు. అది వేశాక నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చాలు. ఆ నాబ్ కూడా ప్లాస్టిక్‌ది కాదు, ఏటికొప్పాక లక్క నాబ్, పసుపు రంగుది. మా పెళ్లయిన కొత్తలో మేం తెచ్చిన బొమ్మ బండి చక్రం. చిన్నోడు బండి విరగ్గొట్టాక ఆయన చక్రం దాచారు.

శబ్దం నాణ్యత నాకు బాగా నచ్చింది. ఖరీదైన రేడియోల్లో ఉండే రకరకాల ఫిల్టర్ మీటలు దీనికి లేవు. గొంతు గొంతులాగే వినిపిస్తుంది. పగలు మూడు నాలుగు వందల కిలోమీటర్ల వాళ్లు బాగా పలుకుతారు. రాత్రయ్యాక దూరం పెరుగుతుంది. 7200 కిలోహెర్ట్జ్ దాటాక చైనా ప్రసారాలు హోరెత్తుతాయి. మా కరెంటు పోయిన రాత్రులు ఇంకా బాగుంటుంది, వీధిలో ఏ చార్జరూ పనిచేయదు కాబట్టి. అలాంటప్పుడు చిన్నోడూ నేనూ డాబా మీదికి బ్యాటరీతో సహా మోసుకెళ్లి వింటాం.

ఎవరికి పనికిరాదంటే: కొనగానే స్విచ్చి వేసి మాట్లాడాలనుకునే వాళ్లకి. ఒక్క బ్యాండే ఉంటుంది, మాట మాత్రమే, అది కూడా ఎల్‌ఎస్‌బి (లోయర్ సైడ్‌బ్యాండ్) అనే ఒక్క పద్ధతిలోనే. మోర్స్ కొట్టాలంటే విడిగా ఏర్పాటు చేసుకోవాలి. వర్షాకాలం ఉరుముల రోజుల్లో 7 వాట్లతో వినిపించడం కష్టం. లైసెన్సు లేకుండా మైక్ మీట నొక్కకూడదు. ఎవరికి పనికొస్తుందంటే: ఇంట్లో పది పన్నెండేళ్ల పిల్లలుండి, రేడియో లోపల ఏముందో వాళ్లకి వేలు పెట్టి చూపించాలనుకునే వాళ్లకి. సర్క్యూటు మొత్తం అందరికీ ఇచ్చేశారు, రాడ్యువీనో ప్రోగ్రాము కూడా. ఏదీ దాచలేదు. ఫర్హాన్ గారు ఆ తర్వాత మైక్రోబిట్‌ఎక్స్, ఎస్‌బిట్‌ఎక్స్ తెచ్చారు, వాటిలో చాలా బ్యాండ్లు వస్తాయి. బిట్‌ఎక్స్40 కావాలంటే ఇప్పుడు పాతది ఏ హామ్ దగ్గరైనా దొరుకుతుందేమో అడగాలి, లేదా సర్క్యూటు చూసి కట్టుకోవాలి. నన్నడిగితే మొదటి రేడియోగా దీన్ని మించింది లేదు. పెట్టె వాళ్లు ఇవ్వకపోవడం లోపమని చాలామంది అంటారు. నాకు అది లోపం అనిపించదు. వాళ్లే అన్నీ బిగించి పంపి ఉంటే నాన్న ఆ రేకుకి ఎడమవైపున కన్నం చేసేవారు కాదు.

పరీక్ష రాసి, పోలీసు విచారణ అయ్యి, నా లైసెన్సు చేతికొచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నరకి మొదటిసారి మీట నొక్కాను. అమ్మ పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. మూడుసార్లు పిలిచాను. గొంతు వణికింది. నాలుగోసారికి రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన బదులిచ్చారు. నా సిగ్నల్ ఎలా ఉందో చెప్పారు, ఏ రేడియో అని అడిగారు. బిట్‌ఎక్స్ అన్నాను. "సొంతంగా కట్టారా అమ్మా?" అన్నారు. "సగం మా నాన్న కట్టారు" అన్నాను. కాసేపు గాలి చప్పుడు. తర్వాత నాన్న కాల్‌సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చే పిలుపు గుర్తు, ఏమిటని అడిగారు, చెప్పాను. రాసుకుంటున్నాను అన్నారు.

ఇంతలో అమ్మ నా భుజం తట్టింది. నాన్న ఎవరితో మాట్లాడినా, హెడ్‌ఫోన్ తీయగానే అమ్మ అడిగే ప్రశ్న ఒకటుండేది. ఆయన మర్చిపోతే మళ్లీ పిలిచి కనుక్కునేదాకా ఊరుకునేది కాదు.

"వాళ్ల ఊళ్లో వానలు పడ్డాయంటనా?"

మీట నొక్కి అడిగాను. రాజమండ్రిలో ఇంకా పడలేదట. నిన్న సాయంత్రం నుంచి మబ్బు పట్టి ఉందట. అమ్మ చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. సరే అని తలూపి, దండెం మీది బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లింది.